ఫ్లూ జ్వరానికి మందు వెదికిన కథ

(రాబిగ్ తెలుగు కుటుంబాల ఉగాది సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ ప్రసంగము మేం నలుగురం కలిసి రాసుకున్నది. చదివేది ఒకరే అయినా, తప్పులుంటే నలుగురినీ తిట్టండి. మేము డాక్టర్లము కాము. ఇక్కడి కర్మాగారాలలో, లాబరేటరీలలో రసాయనాల మధ్య పొద్దు పుచ్చేవాళ్ళము. ఒక అణువును ఇంకొక అణువుగా మార్చడం మాకు అన్నం పెట్టే విద్య. అదే విద్యను పట్టుకుని కొందరు ఫ్లూ జ్వరానికి మందు ఎలా వెదికారో, ఇంకా ఎందుకు వెదుకుతున్నారో మీతో చెప్పుకోవాలనిపించింది.

ఎందుకు అనిపించిందో ముందు చెప్పాలి. మాలో ఒకరి తల్లిగారు కిందటి చలికాలంలో విజిట్ వీసా మీద మనుమల్ని చూడడానికి వచ్చారు. వచ్చిన మూడో వారంలో చిన్న మనుమడికి స్కూల్లో జ్వరం అంటుకుంది. వాడు మూడు రోజులు పడుకుని లేచి బంతి పట్టుకుని బయటికి పోయాడు. నాలుగో రోజున ఆవిడ మంచం పట్టారు. ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు, నూట మూడు జ్వరము. మనమందరము ఊరి నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్ళతో పాటు ఒక మందుల సంచి కూడా తెచ్చుకుంటాము గదా. ఆ సంచిలో యాంటీబయాటిక్ స్ట్రిప్పు ఒకటి ఉంది. అది వేశాము. ఒక రోజు చూద్దామన్నాము. మరునాడు సెలవు, ఇంకొక రోజు చూద్దామన్నాము. నాలుగో రోజు రాత్రి ఊపిరి అందక ఆయాసపడుతుంటే హాస్పిటలుకు పరుగెత్తాము. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరుగారు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేయించి, ఇది ఇన్‌ఫ్లుయెంజా అని చెప్పి, రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేది అన్నారు. ఆయన కోపంగా అనలేదు. అందుకనే ఎక్కువ గుచ్చుకుంది.

పదకొండు రోజులకు ఆవిడ ఇంటికి వచ్చారు. ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు. మేడ మెట్లు ఎక్కడం మానేశారట.

మేము వేసిన ఆ యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మన భీమవరము బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. ప్రవాసాంధ్ర సభలలో ఆయన పటానికి దండ వేయనివారు లేరు. ఆయన అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనకు అధిపతిగా ఉన్న కాలంలో అక్కడివారు దేశదేశాల మట్టిని తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పెంచి, వాటిలో మందు ఉందేమోనని వెదికించారు. అట్లా దొరికినదే ఆరియోమైసిన్. దానిని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ గారు 1948లో ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందు ఎన్నో రోగాలను లొంగదీసింది. కాని ఫ్లూ వైరసును తాకలేదు. ఇప్పటికీ ఏ యాంటీబయాటిక్కూ తాకలేదు.

కారణం ఇది. బాక్టీరియాకు దాని ఇల్లు దానిది, దాని పొయ్యి దానిది, దాని గోడ దానిది. ఆ గోడను కూల్చవచ్చు, ఆ పొయ్యిని ఆర్పవచ్చు. మన ఇంటికి దెబ్బ తగలదు. వైరసుకు ఇల్లూ లేదు, పొయ్యీ లేదు. మన కణములోకి దూరి, మన పొయ్యి మీదే వంట చేసుకుంటుంది. పొయ్యి ఆర్పితే మనమూ పస్తే. అందుచేత వైరసుకు మాత్రమే సొంతమైన పనిముట్లు ఏమున్నవో వెదికి, వాటినే పాడుచేయాలి. ఫ్లూ వైరసు దగ్గర అటువంటివి చాలా కొద్ది. మొత్తము దాని జన్యుసామగ్రి ఎనిమిది ముక్కలు. వెదుకులాట కష్టమంతా అక్కడ ఉన్నది.

ఈ జబ్బుకూ మనలాంటి ప్రయాణాల వాళ్ళకూ పాత చుట్టరికము ఉన్నది. 1918లో అది బొంబాయి రేవులో ఓడ దిగింది. రేవు పనివారు, కాపలా పోలీసులు మొదట పడ్డారు. తరువాత రైళ్ళెక్కి దేశమంతా తిరిగింది. హిందూదేశములోనే కోటికి పైగా జనం పోయారని చరిత్రకారుల లెక్క. 1957 మే నెలలో సింగపూరు నుంచి వచ్చిన ఓడతో మద్రాసు రేవులో దిగింది. మలయా, సింగపూరు తోటలకూ రేవులకూ వెళ్ళిన మన తెలుగువాళ్ళు రాకపోకలు సాగించిన దారి అదే. 2009లో అది ఓడ మానేసి విమానం ఎక్కింది. ఆ సంవత్సరము ప్రపంచమంతా పాకిన కొత్త హెచ్‌1ఎన్‌1 జ్వరము భారతదేశములో మొట్టమొదట నిర్ధారణ అయినది హైదరాబాదులో, మే 16న. న్యూయార్కు నుంచి దుబాయి మీదుగా ఇంటికి వచ్చిన ఒక యువకునికి. కోలుకున్నాడు. ఆ విమానములో మనలో ఎవరైనా ఉండవచ్చును.

మన రాబిగ్ మాత్రము తక్కువా? ఉత్తరము దిక్కు నుంచి, ఈజిప్టు సిరియాల వైపు నుంచి వచ్చే యాత్రికులు ఇహ్రాం కట్టుకునే జుహ్ఫా మనకు కొద్ది దూరములోనే ఉన్నది. జుహ్ఫా పాడుబడి ఉన్న కాలంలో వారంతా రాబిగ్‌లోనే కట్టుకునేవారు. అన్ని దేశాల మనుషులూ, అన్ని దేశాల దగ్గులూ మన గుమ్మం ముందు నుంచే పోతాయి.

ఇక మందు సంగతి. ఫ్లూకు కారణం వైరసని మనుషుల విషయంలో రుజువైనది 1933లో, లండనులో. స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు రోగుల గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అనే జంతువు ముక్కులో వేశారు. ఫెరెట్ అంటే మన ముంగిసకు వేలు విడిచిన చుట్టంలాగా కనిపించే చిన్న ప్రాణి. దానికి అచ్చం మనిషిలాగే జలుబు చేసి తుమ్మింది. మూడేళ్ళ తరువాత అటువంటి ఫెరెట్ ఒకటి స్టువర్ట్ హారిస్ అనే పరిశోధకుని మొహం మీదనే తుమ్మి, ఆయనకు ఫ్లూ అంటించింది. ఇప్పటికీ కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు ఫెరెట్లకు ఇచ్చి చూస్తారు.

మొదటి మందు అమాంటడీన్. అమెరికాలో 1966లో అనుమతి పొందింది. వైరసు మన కణములోకి ఒక సంచిలో కూర్చుని వస్తుంది. దాని పొట్టు విడిపోవాలంటే లోపలికి కొంచెం ఆమ్లం పారాలి. అందుకు దాని పొరలో ఒక చిన్న వాల్వు ఉన్నది. ప్లాంటులో పనిచేసే వాళ్ళకు ఇంకా విడమర్చి చెప్పనక్కరలేదు. అమాంటడీన్ ఆ వాల్వుకు బిరడా వేస్తుంది. దీనికి పిట్టకథ ఒకటి ఉన్నది. ఫ్లూ రాకుండా ఈ మందు వేసుకున్న ఒక స్త్రీకి 1968లో ఫ్లూ సంగతి ఎలా ఉన్నా, చేతుల వణుకు తగ్గింది. ఆవిడకు పార్కిన్సన్ జబ్బు ఉన్నది. అప్పటి నుంచి ఆ జబ్బుకూ ఈ మందును వాడుతున్నారు. ఫ్లూకు మాత్రము దాని రోజులు చెల్లిపోయాయి. వైరసు వాల్వు ఆకారాన్ని కాస్త మార్చుకుంది, బిరడా పట్టలేదు. 2006 జనవరి నాటికి అమెరికాలో పరీక్షించిన హెచ్‌3ఎన్‌2 వైరసులలో నూటికి తొంభైకి పైగా ఈ మందుకు లొంగలేదు. ఇక వాడవద్దని అక్కడి ఆరోగ్యశాఖవారు చెప్పవలసి వచ్చింది. కొన్ని దేశాలలో దీనిని మామూలు జలుబు మాత్రలలో కలిపి ఎడాపెడా మింగారు. మా మందుల సంచీ జ్ఞాపకం వచ్చి, ఈ భాగం రాసేటప్పుడు మాకు కొంచెం సిగ్గు వేసింది.

రెండో వెదుకులాట ఆస్ట్రేలియా సముద్రతీరంలో మొదలైంది. ఇది మా నలుగురికీ ఎంతో నచ్చిన భాగము. గ్రేమ్ లేవర్ అనే ఆయన గ్రేట్ బారియర్ రీఫ్ దీవులలో తిరుగుతూ సముద్రపు పక్షులను పట్టుకుని, వాటి నుంచి ఫ్లూ వైరసులను సేకరించేవారు. ఫ్లూ వైరసుకు అసలు పుట్టిల్లు నీటిపక్షులే. మన ఎర్రసముద్రపు ఒడ్డున చలికాలంలో దిగే పక్షులను చూసి మనం ఫొటోలు తీసుకుంటాము. ఆయన వాటి గొంతులో పుల్ల పెట్టేవారు. వైరసు పైన న్యూరామినిడేజ్ అనే ఒక ప్రోటీను ఉంటుంది. దాని పని కత్తెర పని. కొత్తగా తయారైన వైరసులు కణము పైన ఉన్న సయాలిక్ ఆమ్లానికి పనసబంక అంటినట్టు అంటుకుని ఉంటాయి. కత్తెర ఆ బంధాన్ని కోస్తేనే అవి పక్క కణానికి పోగలవు. లేవర్ ఆ కత్తెరను స్ఫటికాలుగా కట్టించారు. ఆయనా, వర్గీస్, కోల్‌మన్ కలిసి 1983లో దాని ఆకారాన్ని ప్రకటించారు. కత్తెర నోరు ఎక్కడ ఉన్నదో, ఎంత లోతున్నదో తెలిసిపోయింది. ఆ నోటికి సరిపడే అణువును వాన్ ఇట్‌స్టైన్ బృందము తయారుచేసింది. దానిపేరు జానమివిర్. సుబ్బారావుగారి కాలంలో మట్టి అంతా జల్లెడ పట్టి వెదికారు. వీరు తాళం కప్ప చూసి తాళంచెవి చేశారు. జానమివిర్ పొడి మందు, పీల్చాలి. మింగే మందు కావాలని అమెరికాలో గిలియడ్ సంస్థ చేసినది ఒసెల్టమివిర్. దానిని రోష్ సంస్థ టామిఫ్లూ పేరుతో బజారుకు తెచ్చింది. రెండింటికీ 1999లోనే అనుమతి వచ్చింది.

ఇప్పుడు వంటింటి మాట. ఈ ఒసెల్టమివిర్ తయారీకి మొదటి సరుకు షికిమిక్ ఆమ్లము. అది ఎక్కడ దొరుకుతుంది? అమ్మలూ, మీ పోపులపెట్టె పక్కన మసాలా డబ్బాలో ఉన్న అనాసపువ్వులో! చైనా, వియత్నాం కొండలలో పండే ఆ నక్షత్రాల కాయే. దాదాపు పదమూడు గ్రాముల అనాసపువ్వు నుంచి ఒక మనిషికి ఐదు రోజులకు సరిపోయే పది గొట్టాల మందు వస్తుంది. 2005లో పక్షిజ్వరం భయముతో దేశాలన్నీ ఈ మందును గాదెలలో నింపుకోవడం మొదలుపెట్టినప్పుడు అనాసపువ్వు కరువు వచ్చింది. తరువాత సూక్ష్మజీవులచేత కూడా షికిమిక్ ఆమ్లాన్ని తయారుచేయించుకున్నారు. బిర్యానీ తింటే ఫ్లూ పోతుందా అని మా ఇంట్లో పిల్లవాడు ఆశగా అడిగాడు. పోదు నాయనా. షికిమిక్ ఆమ్లము మందు కాదు, మందుకు ముడిసరుకు. నాఫ్తా తాగితే బకెట్టు తయారవుతుందా? మధ్యలో ఎన్నో మెట్లున్నాయి. వాటిలో ఒక మెట్టున అజైడ్ అనే పదార్థాన్ని వాడాలి. అజైడ్ ఏమరితే పేలుతుంది. ఆ మాట వింటేనే సేఫ్టీ వాళ్ళు హెల్మెట్ సర్దుకుంటారు.

ఆ మెట్లన్నీ ఎక్కగలిగిన వారిలో మనవారున్నారు. హైదరాబాదులోని హెటెరో సంస్థకు 2005 డిసెంబరులో రోష్ సంస్థ ఈ మందు తయారీకి అనుమతి ఇచ్చింది. భారతదేశానికీ, వర్ధమాన దేశాలకూ అమ్మడానికి. హెటెరోవారు ఫ్లూవిర్ అని పేరు పెట్టారు. 2009లో ఆ జ్వరము హైదరాబాదు విమానాశ్రయములో దిగినప్పుడు, దాని మందు అదే ఊళ్ళో తయారవుతున్నది. ఇది మనం గర్వపడవలసిన సంగతే. కాని కొంచెం జాగ్రత్తగా గర్వపడాలి. ఆ అణువును కనిపెట్టినది మనం కాదు. కనిపెట్టిన దానిని చవకగా, ఎక్కువగా తయారుచేయడంలో మన హైదరాబాదుకు పేరు. 2020లో కూడా అదే జరిగింది. జపానులో టొయామా కెమికల్ సంస్థ కనిపెట్టి, కొత్తరకము ఫ్లూ వస్తే వాడడానికని 2014లో అక్కడ అనుమతి పొందిన ఫావిపిరవిర్‌ను, కోవిడ్ కాలంలో మన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అదే హైదరాబాదులోని ఐఐసిటి, చవకగా చేసే పద్ధతి తయారుచేసి ఇచ్చింది. ఆ మందు గర్భస్థ శిశువుకు హాని చేయవచ్చు గనుక జపానులో దానిని తాళం వేసి దాచుకున్నారు. మన దేశములో కోవిడ్‌కు విరివిగా వాడారు. అది ఎంత మేలు చేసిందన్నది వేరే కథ.

ఒసెల్టమివిర్ కూడా నిర్దోషి కాదు. 2014లో పరీక్షల కాగితాలన్నీ తిరగవేసిన కాక్రేన్ సమీక్షకులు, పెద్దవారిలో ఏడు రోజుల బాధను అది 6.3 రోజులకు తగ్గిస్తున్నదని తేల్చారు. అంటే ఒక పూట, ఇంకొంచెం. ఆ కాగితాలు పూర్తిగా బయటికి రావడానికే సంవత్సరాలు పట్టింది. దేశాలు గాదెలు నింపుకున్నది దీనికోసమా అని గొడవ జరిగింది. గొడవలో న్యాయముంది. అయినా ముసలివారికి, గర్భిణులకు, ఆయాసము మధుమేహము ఉన్నవారికి త్వరగా ఇవ్వమనే డాక్టర్లు ఇప్పటికీ చెబుతారు. మా ఇంటి అనుభవముతో మేమూ ఆ పక్షమే.

వైరసు ఊరుకోలేదు. కత్తెరలో 275వ స్థానము దగ్గర ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చుకుంది. 2008 జనవరిలో నార్వేలో బయటపడింది. నార్వేవారు ఈ మందును పెద్దగా వాడినవారు కూడా కాదు! మరుసటి చలికాలానికి పాత హెచ్‌1ఎన్‌1 వైరసు దాదాపు అంతా మందుకు లొంగనిదైపోయింది. అప్పుడు 2009 నాటి కొత్త వైరసు వచ్చి ఆ పాతదాన్ని ఊడ్చిపారేసింది. కొత్తది మందుకు లొంగేది. మనం గెలవలేదు, ప్రత్యర్థి జట్టు మారింది, అంతే.

ఇక మూడో పనిముట్టు. ఇది చెబితే పిల్లలు నవ్వుతారు. మన కణములో తయారయ్యే సందేశపు అణువులకు, అంటే ఆర్‌ఎన్‌ఏలకు, తల మీద ఒక టోపీ ఉంటుంది. టోపీ ఉంటేనే కణము వాటిని చదువుతుంది. ఫ్లూ వైరసుకు టోపీ కుట్టుకోవడం చేతకాదు. మన ఆర్‌ఎన్‌ఏల తలలు టోపీతో సహా కత్తిరించి తన వాటికి తగిలించుకుంటుంది. లోకంలో మనకు టోపీ పెట్టేవాళ్ళనే చూశాము. ఇది మన టోపీ కొట్టేసేది. ఆ టోపీ దొంగ చేతిని పట్టుకునే మందు బాలోక్సవిర్. జపానులో షియోనోగి సంస్థ కనిపెట్టినది, 2018లో అక్కడా అమెరికాలోనూ అనుమతి పొందినది. ఒక్కసారి వేసుకుంటే చాలు. అయితే మొదటి పరీక్షలలోనే మందు వేసుకున్న పెద్దలలో నూటికి పదిమందిలోపు, జపాను పిల్లలలో ఇంకా ఎక్కువమందిలో, వైరసు కొంత తప్పించుకోవడం కనబడింది. 2025లో ఇంకొక మంచి సంగతి తెలిసింది. ఇంట్లో జ్వరము వచ్చినవారికి ఈ మందు ఇస్తే, ఇంట్లో మిగతావారికి అంటడము దాదాపు మూడోవంతు తగ్గింది. మందు వేసుకున్నవారి ఇళ్ళలో నూటికి 9.5 మందికి, వేసుకోనివారి ఇళ్ళలో 13.4 మందికి అంటింది. మనుమడు బంతి పట్టుకుని బయటికి పోయిన రోజును మేము మళ్ళీ తలచుకున్నాము.

మరి ఇంకా వెదుకుతున్నారా? వెదుకుతున్నారు. ఓడిపోతూ కూడా వెదుకుతున్నారు. వైరసు నకళ్ళు తీసే యంత్రములో పీబీ2 అనే భాగాన్ని పట్టుకునే పిమోడివిర్ అనే మందు మూడో దశ దాకా వెళ్ళి, హాస్పిటలులో ఉన్న రోగులకు మామూలు వైద్యాన్ని మించి మేలు చేయకపోవడంతో 2020లో ఆగిపోయింది. ఎన్ని సంవత్సరాల శ్రమో! అదే భాగము మీద పనిచేసే ఇంకొక మందు, ఒనరాడివిర్, 2025లో చైనాలో అనుమతి సంపాదించింది. పాత జానమివిర్‌ను మన ఒంటి రక్షక ప్రోటీను ముక్కకు తగిలించి, ఒక్క ఇంజెక్షనుతో చలికాలమంతా కాపు కాయించవచ్చునేమోనని మరొకరు చూస్తున్నారు. దాని రెండో దశ ఫలితాలు 2025లో ఆశాజనకంగా వచ్చాయి. ఇటు 2024లో అమెరికాలో పాడి ఆవులకు పక్షిజ్వరము రావడము మొదలైంది. వెదికేవారికి తీరిక ఉండదు.

ఆ డాక్టరుగారు అన్న రెండు రోజుల మాటకు వద్దాము. ఈ మందులన్నీ చేసే పని వైరసు పెరుగుదలను ఆపడమే. జ్వరము వచ్చిన మొదటి రెండు మూడు రోజులలోనే వైరసు సంతానము శిఖరానికి చేరుతుంది. తరువాతి బాధలో చాలా భాగము మన ఒళ్ళు చేసే యుద్ధము వల్ల వచ్చేది. ఇల్లు కాలిపోయాక నిప్పును ఆర్పితే ఏమి మిగులుతుంది? నలభైఎనిమిది గంటల లోపల వేయాలని అందుకే అంటారు. జబ్బు తీవ్రంగా ఉండి హాస్పిటలులో చేరినవారికి ఆలస్యమైనా ఇస్తారు, ఆవిడకూ ఇచ్చారు. కాని ఏ మందు, ఎవరికి అన్నది డాక్టరు చెప్పవలసినదే. అంతకంటే ముందు ఏటేటా వేయించుకోవలసిన టీకా ఉండనే ఉన్నది. దాని సంగతి చెప్పడానికి మాకంటే తెలిసినవారు ఈ సభలోనే ఉన్నారు.

మా ఇంట్లో ఆ మందుల సంచి ఇప్పుడు లేదు. దాని స్థానంలో అలమారా తలుపుకు ఒక కాగితము అంటించాము. జ్వరము మొదలైన రోజు, గంట రాసుకోవడానికి. ఆవిడే ఊరి నుంచి ఫోనులో అడిగి రాయించారు.

భోజనాలకు పిలుస్తున్నారు. బిర్యానీలో అనాసపువ్వు వస్తే పక్కకు తీసి పారేయకుండా పిల్లలకు ఒకసారి చూపించండి.